నెలకు తలకు వెయ్యి ఇస్తే మా ఇంట్లో మిగిలేది ఎంత? నా షీట్‌లో తప్పు పట్టండి

లెక్కల_టీచరు
స్టాఫ్ రూమ్‌లో మొదలైన గొడవ ఇది. మన దేశంలో సార్వత్రిక కనీస ఆదాయం (యూబీఐ), అంటే ప్రభుత్వం ప్రతి మనిషికీ నెల నెలా ఒకే మొత్తం ఇచ్చే పద్ధతి, వస్తే ఎవరికి లాభం అని. సాంఘిక శాస్త్రం మాస్టారు "జీతగాళ్ల నడ్డి విరుగుతుంది" అన్నారు. తెలుగు మేడమ్ "అందరికీ ఇచ్చేది మనకు మాత్రం చేదా" అన్నారు. నోటి మాటలతో తేలేలా లేదని శని, ఆదివారాలు కూర్చుని షీట్ తయారు చేశాను.

మా ఇల్లు: నా జీతం ఏడాదికి 12,75,000. మా వారి స్టేషనరీ కొట్టు మీద 3,20,000. ఎనిమిది, అయిదు తరగతుల పిల్లలిద్దరు. అత్తగారు. మొత్తం అయిదుగురం. తలకు నెలకు వెయ్యి అంటే ఏడాదికి 60,000. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే నా ఆదాయం సరిగ్గా 12 లక్షలు, పన్ను సున్నా. మా వారికి ఎలాగూ లేదు. కాబట్టి 60,000 నికరంగా మిగులుతుందని షీట్ చెబుతోంది.

ఇంత తీపి జవాబు వస్తే పిల్లల పేపర్లో అయినా ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. తప్పు ఎక్కడుంది?

ఆవకాయ_అభిమాని
ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సోమలింగానికి మీరు పాన్ కార్డు కూడా తీశారు.

విశ్రాంత_క్యాషియరు
నలభై ఏళ్లు బ్యాంకులో చేసినవాడిని. యూబీఐ అంటే నాకు ఇప్పటికీ యునైటెడ్ బ్యాంకే గుర్తొస్తుంది. అది 2020లో విలీనమైపోయింది. ఇదీ అంతే. ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు.

పన్నుల_పద్దు
టీచరు గారూ, తప్పు దొరికింది, కానీ మీరు కూర్చునే ఉన్నారా? ఆ వెయ్యి రూపాయలకు పన్ను మినహాయింపు ఉంటుందని మీరు అనుకున్నారు. ఆ మాట షీట్‌లో ఎక్కడా రాయలేదు. చట్టంలో ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప అది ఆదాయమే.

ఇప్పుడు చూడండి. మీ వంతు 12,000 మీ ఆదాయంలో కలుస్తుంది. మైనరు పిల్లల ఆదాయం తల్లిదండ్రుల్లో ఎవరిది ఎక్కువైతే వారి ఆదాయంలో కలుస్తుంది. మీ ఇంట్లో అది మీరే. అంటే ఇంకో 24,000. మొత్తం 12,36,000.

లెక్కల_టీచరు
అయినా 12 లక్షల పైన 15 శాతం శ్లాబే కదా? 36,000 మీద 5,400. సెస్సు కలిపినా ఆరు వేల లోపే. దానికి కూర్చోవడం ఎందుకు?

పన్నుల_పద్దు
అందుకే కూర్చోమన్నాను. మీకు సున్నా పన్ను వస్తున్నది శ్లాబుల వల్ల కాదు, రిబేటు వల్ల. శ్లాబుల ప్రకారం 4 నుంచి 8 లక్షల మధ్య 20,000, 8 నుంచి 12 మధ్య 40,000, కలిపి 60,000 మీకు పడుతూనే ఉంది. ఆదాయం 12 లక్షలు దాటనంత వరకు ఆ 60,000 రిబేటుగా కొట్టేస్తున్నారు. ఒక్క రూపాయి దాటితే రిబేటు మాయం.

మరీ అన్యాయం కాకుండా మార్జినల్ రిలీఫ్ పెట్టారు. 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదు. మీకు మామూలుగా పన్ను 65,400. దాటినది 36,000. కాబట్టి పన్ను 36,000. దాని మీద 4 శాతం సెస్సు 1,440. మొత్తం 37,440.

మీకు, పిల్లలకు వచ్చింది 36,000. కట్టింది 37,440.

ఆవకాయ_అభిమాని
ప్రభుత్వం దానమిచ్చి, దక్షిణ కూడా తీసుకుందన్నమాట.

లెక్కల_టీచరు
మూడుసార్లు వేశాను. అంతే వస్తోంది. మా వారివి, అత్తగారివి 24,000 ఉన్నాయి కాబట్టి ఇంటికి ఇంకా 22,560 మిగులుతుంది. 60,000 అనుకున్న చోట.

కడుపు మండే సంగతి ఇంకోటి. మా ప్రధానోపాధ్యాయుడి జీతం 14,75,000. ఆయనకూ ఇద్దరు పిల్లలే, ఇంట్లో సంపాదన ఆయనదే. అదే లెక్క ఆయనకు వేస్తే 36,000 మీద పన్ను 5,616. నాకంటే రెండు లక్షలు ఎక్కువ జీతం, ఆరో వంతు కంటే తక్కువ కోత!

పన్నుల_పద్దు
సుమారు 12,70,000 దాటితే రిలీఫ్ అవసరం తీరిపోయి మామూలు 15 శాతం దారిలో పడతారు. 12 లక్షలకు, దానికి మధ్య ఉన్నవాళ్లకే ఈ గోతి. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో ఆ గోతిలో ఉన్నవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ ఎనిమిది వేలు వచ్చిందని సంబరపడి, అదంతా పన్నుకు కట్టి పోయినవారు. మోడల్ వేసేవాళ్లు శ్లాబు రేటు చూసి ఊరుకుంటారు. రిబేటు అంచు చూడరు.

గోదారిగట్టు
జీతగాళ్ల గోతి గురించి ఇంత ఏడుస్తున్నారు, బాగానే ఉంది. మా అమ్మ లెక్క వినండి. కోనసీమలో ఒక్కర్తే ఉంటుంది. వితంతు పింఛను నెలకు 4,000. 2024 జులై నుంచి ఆ మొత్తం. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అబ్బాయి వచ్చి అరుగు మీద కూర్చుని వేలిముద్ర వేయించుకుంటాడు. అమ్మ వేలు అరిగిపోయి రెండు మూడు సార్లు పడదు. కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది.

"అన్ని పథకాలూ తీసేసి అందరికీ ఒకటే ఇస్తాం" అంటే ఏడాదికి 48,000 పోయి 12,000 వస్తుంది. 36,000 నష్టం, అదీ ఇంట్లో ఇంకో తల లేని మనిషికి. మీకు అయిదు తలలున్నాయి టీచరు గారూ. మా అమ్మకు ఒక్కటే.

నల్లగొండ_ఆటో
మా అమ్మకు మా దగ్గర 2,016. అది పోయి వెయ్యి వస్తే ఏడాదికి 12,192 తక్కువ. నేను కూడా లెక్క వేయగలను మేడమ్, మీటరు చూసి చూసి అలవాటే.

విశ్రాంత_క్యాషియరు
ఆ 2,016 ఎప్పటిది? 2019లో పెంచింది. ఆ తర్వాత ఆరేళ్లు అదే అంకె. అప్పుడు రెండు వేలకు వచ్చిన సరుకులు ఇప్పుడు ఎంత? సార్వత్రికం అయినా జరిగేది ఇదే. ఇరాన్‌లో 2010 డిసెంబరులో పెట్రోలు, రొట్టెల మీద రాయితీలు తగ్గించి, ఆ డబ్బును తలకు నెలకు 4,55,000 రియాళ్ల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట్లో పేదవాడికి అది పెద్ద మొత్తమే. ఏళ్ల తరబడి అంకె కదల్లేదు, ధరలు కదిలాయి. టీచరు గారి షీట్‌లో "ధరల పెరుగుదల" అని ఒక వరస లేదు. అది లేని మోడల్ కాగితప్పడవ.

సగటు_మనిషి
క్యాషియరు గారి మాట నిజమే గాని, దానికి ముందు అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. డబ్బు ఎక్కడి నుంచి? షీట్‌లో వచ్చేది మాత్రమే ఉంది, ఇచ్చేవాడు లేడు.

140 కోట్ల మందికి ఏడాదికి 12,000 అంటే 16.8 లక్షల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను మొత్తం అంచనా 14.38 లక్షల కోట్లు. దేశంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లందరి సొమ్మూ ఊడ్చి ఇచ్చినా చాలదు. ఆహార సబ్సిడీ రెండు లక్షల కోట్ల పైచిలుకు, ఎరువులది 1.67 లక్షల కోట్లు, ఉపాధి హామీకి 86,000 కోట్లు. ఈ మూడూ మూసేసినా నాలుగున్నర లక్షల కోట్లు.

ఆవకాయ_అభిమాని
అంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేద్దామంటే అత్త దగ్గర కూడా లేదు.

సగటు_మనిషి
ఆగండి, పూర్తి కాలేదు. 16.8 లక్షల కోట్లు అని భయపెట్టడం కూడా సగం లెక్కే. ఒక చేత్తో టీచరు గారికి 12,000 ఇచ్చి ఇంకో చేత్తో 20,000 తీసుకుంటే, ఆ 12,000 ఖర్చు కాదు, అటూ ఇటూ తిరిగిన కాగితం. అసలు భారం నికరంగా ఎవరి నుంచి ఎవరికి ఎంత కదిలిందో అదే. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో చెప్పిన రుణాత్మక ఆదాయపు పన్ను, అంటే ఒక గీత కంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమే ఎదురు ఇవ్వడం, ఇదే సంగతి. అందరికీ ఇచ్చి పైవాళ్ల దగ్గర వెనక్కి తీసుకున్నా, కిందివాళ్లకే ఇచ్చినా, నికర అంకె ఒకటిగా ఉండేలా చేయవచ్చు.

మన అంకెలతో మోటుగా వేస్తాను. 2024-25లో తలసరి ఆదాయం దాదాపు 2,05,000. అందరి ఆదాయం మీదా ఒకే రేటున పన్ను వేసి తలకు 12,000 రాబట్టాలంటే 5.85 శాతం చాలు. అప్పుడు తూకం సరిగ్గా సగటు దగ్గర నిలుస్తుంది. తలకు 2,05,000 కంటే తక్కువ ఉన్న ఇంటికి లాభం, ఎక్కువ ఉన్న ఇంటికి నష్టం.

టీచరు గారి ఇల్లు: మొత్తం 15,95,000, తలకు 3,19,000. పన్ను 93,300. వచ్చేది 60,000. ఏడాదికి 33,300 చేతి నుంచి పోతుంది. అయిదుగురున్న ఇంటికి అటూ ఇటూ కాని గీత 10,26,000 దగ్గర ఉంది.

లెక్కల_టీచరు
అంటే సాంఘిక శాస్త్రం మాస్టారే గెలిచారా? ఈ మాట ఆయనకు చెప్పను.

పన్నుల_పద్దు
సగటు గారూ, "అందరి ఆదాయం మీదా" అని ఎంత సులువుగా అనేశారు! వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కొట్టు నడిపేవారి అసలు ఆదాయం వాళ్లకూ దేవుడికీ తెలుసు. మీ 5.85 శాతాన్ని రిటర్నుల్లో కనిపించే ఆదాయం మీద నుంచే రాబట్టాలంటే రేటు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు టీచరు గారికి పోయేది 33,000 దగ్గర ఆగదు. జీతగాడి ఆదాయం దాక్కోలేదు, అదే వాడి నేరం.

సగటు_మనిషి
ఒప్పుకుంటున్నాను. అయితే మిగిలిన దారి జీఎస్టీ. 2024-25 స్థూల వసూళ్లు 22.08 లక్షల కోట్లు. అక్కడి నుంచి 16.8 తేవాలంటే వసూళ్లు ముప్పాతిక వంతు పెరగాలి. 18 శాతం ఉన్నది 32 అవుతుంది, 5 ఉన్నది తొమ్మిది దగ్గరికి వస్తుంది.

నల్లగొండ_ఆటో
ఇది నా ఇంటికి వేసి చూశాను, నోటుబుక్కులో. నలుగురం. ఆటో ఖర్చులు పోను ఆదాయం ఏడాదికి మూడు లక్షలు. నలుగురికి 48,000 వస్తుంది.

సగటు గారి 5.85 శాతం అయితే 17,550 కట్టి 30,450 మిగులుతుంది. సంతోషం. జీఎస్టీ అయితే ఎంత పోతుందో చూద్దామని ఒక్కో ఖర్చూ రాశాను. ఇంటి అద్దె 5,500, జీఎస్టీ లేదు. ఆటోకు డీజిలు, జీఎస్టీలో లేదు, దాని పన్ను వేరే. పాప బడి ఫీజు, లేదు. పాలు, కూరగాయలు, లేదు. సబ్బులు, నూనె, చెప్పులు, టైర్లు, ఫోను రీచార్జి, వీటికి ఉంది. నా ఇంట్లో జీఎస్టీ తగిలేది సగం కంటే తక్కువే. అంటే నాకు ఇదీ మంచిదే. కానీ టైర్లు పాతికవేలు దాటిన ఏడాది మళ్లీ చెప్పాలి.

అయితే మేడమ్ షీట్‌లో రేషన్ లేదు. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, మాకు నెలకు 24 కిలోలు. మా వీధి కొట్టులో అదే రకం కిలో 50. ఏడాదికి 14,400. రేషన్ తీసేసి డబ్బు ఇస్తామంటే అది కొట్టేయాలి. ఇదే రెండేళ్ల కింద అడిగితే వేరే లెక్క చెప్పేవాడిని. అప్పుడు దొడ్డు బియ్యం, సగం ఇడ్లీ పిండికి, సగం కోళ్లకు. కిలోకు పది రూపాయల విలువ కూడా కట్టేవాడిని కాదు.

లెక్కల_టీచరు
ఇది నాకు తట్టనే లేదు. బియ్యం వరసలో ప్రభుత్వానికి అయ్యే ఖర్చు వేయాలా, తినేవాడు కట్టే విలువ వేయాలా? రెండోదే సరైనదనిపిస్తోంది. ఇల్లు ఇల్లుకూ అది మారుతుంది.

నల్లగొండ_ఆటో
ఇంకోటి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యింది. మంచిదే, కాదనను. నాకు రోజుకు మూడు వందల దాకా గిరాకీ పడిపోయింది. మా ఆవిడ బట్టల కొట్టుకు పోయి రావడానికి రోజుకు యాభై మిగులుతోంది. ఒకే ఇల్లు, ఒకే పథకం, ఒక గడిలో ప్లస్సు, ఒక గడిలో మైనస్సు. ఇలాంటివి మీ షీట్‌లో ఎక్కడ వేస్తారు?

ఆవకాయ_అభిమాని
"భార్యాభర్తల మధ్య బదిలీ" అని వేయండి. రాత్రి భోజనం దగ్గర సర్దుబాటు అవుతుంది.

కౌలుబిడ్డ
పరకాల దగ్గర మా నాన్న ఆరెకరాలు కౌలుకు చేస్తాడు, పత్తి. భూమి గలాయన హైదరాబాద్‌లో ఉంటాడు. రైతు బంధు వచ్చిన 2018 నుంచి డబ్బు ఆయన ఖాతాలోనే. ఇప్పుడు రైతు భరోసా ఎకరాకు 12,000 లెక్కన 72,000. విత్తనం, మందు, గులాబీ పురుగు, అప్పు మా నాన్నవి. అందుకని ఎకరానికి కాకుండా తలకు ఇవ్వడం అన్న మాట వింటే నాకు ప్రాణం లేచి వస్తుంది. మా ఇంట్లో అయిదుగురం, 60,000.

కానీ ఒక భయం ఉంది. మొదటిసారి బంధు పడినప్పుడు, ఆయనకు ఎలాగూ వస్తోంది కదా, కౌలు కాస్త తగ్గిస్తాడని అనుకున్నాం. తగ్గించలేదు సరికదా, మరుసటి ఏడాది ఎకరాకు వెయ్యి పెంచాడు. రేపు మాకు 60,000 పడుతోందని తెలిస్తే ఊరుకుంటాడా? "మీకు నెల నెలా వస్తున్నాయి కదా" అంటాడు. ఆ మాట నాకు ఇప్పుడే వినిపిస్తోంది.

నల్లగొండ_ఆటో
మా ఇంటి ఓనరుకు ఇది చదివి వినిపించకండి.

విశ్రాంత_క్యాషియరు
నేను చెప్పిన ధరల పెరుగుదలే ఇది. కౌలుబిడ్డ బాగా చెప్పాడు.

సగటు_మనిషి
అది వేరే, క్యాషియరు గారూ. దేశమంతా ధరలు పెరగడం ఒకటి, బేరం చేసే శక్తి ఉన్నవాడు ఎదుటివాడి జేబులో కొత్తగా పడింది గుంజుకోవడం ఒకటి. కౌలు భూమి పెరగదు, అడిగేవాళ్లు ఎక్కువ. అక్కడ రెండోది జరుగుతుంది. సబ్బుల ధర అలా పెరగదు.

విశ్రాంత_క్యాషియరు
సరే, ఆ తేడా ఒప్పుకున్నాను. రాసి పెట్టుకోండి, నేను ఒప్పుకోవడం ఏడాదికి ఒకసారే.

ఉత్తరధ్రువం
పద్దు గారు చెప్పిన పన్ను కోత అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో స్వయంగా చూశాను. ఆంకరేజ్‌లో ఆరేళ్లున్నాం, గ్రీన్ కార్డు వచ్చాక మాకూ ఆ డివిడెండ్ పడింది. చమురు రాబడితో పెట్టిన నిధి నుంచి 1982 నుంచీ ప్రతి నివాసికీ ఇస్తున్నారు, పిల్లలతో సహా. 2015లో 2,072 డాలర్లు, 2023లో 1,312. ఏటా మారుతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేయలేం. రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు, కానీ కేంద్రం దాన్ని ఆదాయంగానే చూస్తుంది. మొదటి ఏడాది ఆ డబ్బుతో చలికోట్లు కొన్నాం, ఏప్రిల్‌లో దాని మీద పన్ను కట్టేటప్పుడు మా ఆవిడ "కోటు చేతులు కత్తిరించి ఇచ్చేద్దామా" అంది.

గోదారిగట్టు
అక్కడ నిధి ముందు, పంపకం తర్వాత. ఇక్కడ పంపకం ముందు.

వంటింటి_పద్దు
ఇంత సేపూ చదివాను. అందరూ "ఇంటికి" ఇంత అని కలిపేస్తున్నారు. ఇల్లు అన్నం తినదు, మనుషులు తింటారు. మధ్యప్రదేశ్‌లో 2011లో ‘సేవ’ అనే మహిళా కార్మికుల సంఘం, యునిసెఫ్ కలిసి కొన్ని ఊళ్లలో ఇదే ప్రయోగం చేశాయి. మొదట పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150. పెద్దలకు ఎవరి డబ్బు వారికే, పిల్లలది తల్లికి. జనం పని మానేస్తారని అనుకున్నవాళ్లకు అక్కడ ఎదురైంది వేరు. కూలికి పోయేవాళ్లు సొంత పొలం పని, చిన్న వ్యాపారం పెంచుకున్నారు. డబ్బు ఎవరి చేతిలో పడిందన్నది మోడల్‌లో లేకపోతే ఆ ఫలితం రానే రాదు. టీచరు గారి అత్తగారికి ఇప్పుడు సొంతంగా వచ్చేది ఎంత?

లెక్కల_టీచరు
సున్నా. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగిని ఉన్నానని పింఛను రాదు. మందులకు, గుడికి, మనవడి చాక్లెట్లకు మమ్మల్నే అడుగుతారు. ఆ గడిని నేను "ఇల్లు"లో కలిపేశాను.

విశ్రాంత_క్యాషియరు
2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి కేంద్ర ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణ్యన్ ఈ లెక్కంతా ఒక అధ్యాయంగా రాశారు. మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, జీడీపీలో 4.9 శాతం ఖర్చు. అది కూడా పై పాతిక శాతం మందిని వదిలేస్తే. పేరేమో సార్వత్రికం.

సగటు_మనిషి
మనం పైన వేసిన 16.8 లక్షల కోట్లు కూడా ఇప్పటి జీడీపీలో సుమారు 5 శాతమే. అయితే వాళ్లు పాతిక శాతాన్ని జాబితా నుంచి తీసేశారు. జాబితా అంటే మళ్లీ కార్డు, మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగడం, మళ్లీ సంతకం. అందరికీ ఇచ్చి పన్నులో వెనక్కి తీసుకుంటే ఆ తిప్పట ఉండదు. అందుకే నాకు పన్ను దారే నచ్చుతుంది.

పన్నుల_పద్దు
పన్ను వలలో ఉన్నవాడి దగ్గరే వెనక్కి తీసుకోగలరు అని మూడోసారి చెబుతున్నాను.

లెక్కల_టీచరు
షీట్ మళ్లీ కట్టాను. ఇప్పుడు ఇల్లు ఒక వరస కాదు, మనిషికో వరస. నిలువు వరసలు: చేతికి వచ్చేది, ఆగిపోయే పథకాలు, ఆదాయపు పన్ను, జీఎస్టీ, అద్దె లేదా కౌలు పెరుగుదల, నికరం. పన్ను మినహాయింపు ఉందా లేదా అన్నది పైన ఒక గడిలో మారుస్తే అన్నీ మారతాయి. గోదారిగట్టు గారి అమ్మగారి వరస ఎన్ని రకాలుగా మార్చినా ఎరుపులోనే ఉంది, పింఛను ఉంచేస్తే తప్ప. కౌలు కుటుంబానికి ఎకరాకు పది వేలు పెంచితే మొత్తం 60,000 భూస్వామికి చేరిపోతుంది. మా ఇల్లు మాత్రం రెండు మూడు చోట్ల తప్ప ఎరుపే.

అత్తగారు పక్కన కూర్చుని చూశారు. తన వరస మీద వేలు పెట్టి, "ఈ వెయ్యి నా ఖాతాలోనే పడుతుందా?" అన్నారు. అవునన్నాను. "అయితే మిగతాది మీరు చూసుకోండి" అని లేచి వెళ్లారు.

ఆవకాయ_అభిమాని
దేశంలో మొదటి ఓటు పడింది.

నల్లగొండ_ఆటో
మేడమ్, ఫోనులో తెరిస్తే చివరి రెండు నిలువు వరసలు కనిపించడం లేదు. నాకు కావలసినవి అవే.

లెక్కల_టీచరు
ఫోను అడ్డంగా తిప్పండి.